చావింటి గుడారం

షైలోబెక్ మా బళ్ళో మగపిల్లలకి వడ్రంగం నేర్పేవాడు. నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని. కిర్గిజ్ కొండల్లోని మా నరిన్ ఊళ్ళో రెండిళ్ళూ ఒకే నాలుగంతస్తుల భవనంలో, ఒకే మెట్ల దారిలో. వాళ్ళది రెండో అంతస్తు, మాది మూడు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం నేను కళ్ళారా చూసింది. మిగతా సగం అతని భార్య కెంజెగుల్ మా వంటింట్లో కూర్చుని, చల్లారిపోయిన టీ ముందు పెట్టుకుని చెప్పింది.

అతను చెడ్డవాడు కాడు, ముందే చెబుతున్నాను. ఎవరింట్లో తలుపు బిగుసుకుపోయినా రంపం పట్టుకొచ్చేవాడు. డబ్బిస్తే తీసుకునేవాడు కాదు. ఆ మొహమాటం వల్లే వాళ్ళింట్లో నెలాఖరుకి పిండి డబ్బా అడుగు గీకే చప్పుడు మా ఇంటికి వినిపించేది. కూతుళ్ళిద్దరూ రాజధాని బిష్కెక్‌లో చదువుతున్నారు. బడి జీతం వాళ్ళ హాస్టల్‌కే సరిపోయేది. కెంజెగుల్ పిల్లల బడిలో వంట చేసేది. ఆమె జీతం చలికాలం బొగ్గుకీ బట్టలకీ.

షైలోబెక్ తల్లి ఊల్కాన్ అపా వాళ్ళతోనే ఉండేది, పెద్దావిడ కాబట్టి అందరం అమ్మా అన్నట్టు అపా అనేవాళ్ళం. భర్త పోయి, గొర్రెలు అమ్మేశాక కొండ మీది మేత భూముల నుంచి దిగి చిన్న కొడుకు దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, గుడారం. మడిచే కర్ర గోడలు, ఎర్ర రంగేసిన వాసాలు, నడినెత్తిన గుండ్రటి చక్రం, దాని మీద కప్పే తెల్లటి కంబళ్ళు. ఆ కంబళ్ళ ఉన్ని ఆవిడే కడిగి, కొట్టి, వేణ్ణీళ్ళు పోసి, తోడికోడళ్ళతో కలిసి చాపలో చుట్టి మోచేతులతో నొక్కి నొక్కి చేసింది. ఫ్లాట్‌లో దానికి చోటేదీ? పెరట్లో ఇనపషెడ్డులో పడుండేది.

మా వైపు మనిషి పోతే పై అంతస్తులో ఉంచరు. ఫ్లాట్లో బతికినవాడైనా సరే, కింద పెరట్లో గుడారం వేసి అందులోకి దింపాల్సిందే. ఆడవాళ్ళు లోపల గోడ వైపు తిరిగి కూర్చుని శోకాలు పెట్టాలి, మగవాళ్ళు బయట కర్రలానుకుని నిలబడి ఏడవాలి. వచ్చేవాళ్ళు వీధి మలుపు నుంచే గొంతెత్తి ఏడుస్తూ రావాలి. ఒకప్పుడు ప్రతి వంశానికీ ఒక గుడారం ఉండేది. ఇప్పుడు ఎవరిని కదిపినా అమ్మేశామనో, చిమ్మటలు తిన్నాయనో అంటారు. దాంతో ఎవరింట్లో చావొచ్చినా షైలోబెక్ తలుపే కొట్టేవాళ్ళు. అతను షెడ్డు తాళం చేతికిచ్చేవాడు.

ఒక శరత్కాలంలో గుడారం తిరిగొచ్చేసరికి ఒక కంబళికి కుంపటి సెగ తగిలి టోపీ అంత కంత పడింది. తాళ్ళు రెండు తెగిపోయాయి. తెచ్చినవాళ్ళు ఉడికిన మాంసం పళ్ళెంలో పెట్టి, "అల్లా మీకు మేలు చేస్తాడు" అనేసి వెళ్ళిపోయారు.

కెంజెగుల్ ఆ కంత లోంచి మొగుడి మొహం చూస్తూ అంది. "కనిపిస్తున్నానా? నాకైతే నువ్వు బాగా కనిపిస్తున్నావ్. ఊరందరికీ ఉచిత సేవకుడిలా."

"చావు దగ్గర డబ్బేం అడుగుతామే?"

"ఎందుకడగకూడదు? చావు విందుకి గుర్రం కోసేవాడు డబ్బు తీసుకుంటాడు. గొయ్యి తవ్వేవాళ్ళకి చొక్కాలు పెడతారు. మౌల్వీ గారికి చేతిలో పెడతారు. అక్కణ్ణుంచి ఒట్టి చేతుల్తో తిరిగొచ్చేది మీ అమ్మ గుడారం ఒక్కటే."

ఊల్కాన్ అపా ఆ కంబళిని ఒళ్ళో వేసుకుని కంత కుడుతోంది. సూదిలో ఉన్నిదారం ఎక్కించుకుంటూ, తల ఎత్తకుండానే, "శవం మీది నీడకి అద్దె తీసుకోవడం మా కాలంలో లేదు బాబూ," అంది. దారం ముడేసి, "బడి పంతులికి పిండి కొనుక్కునే జీతం లేకపోవడం కూడా లేదు. కానివ్వు. కాకపోతే తాళం చేతులు మారనివ్వకు. నువ్వే వెళ్ళు, నువ్వే వెయ్యి, నువ్వే విప్పు," అంది.

అలా మొదలైంది. బావమరిది దగ్గర చిన్న లారీ ఉంది, అది పెట్టాడు. బడి అయ్యాక, శని ఆదివారాల్లో షైలోబెక్ వెళ్ళి గుడారం వేసి వచ్చేవాడు. గోడలు నిలిపేవాడు, వాసాలు గుచ్చేవాడు. మంచు కురుస్తున్నా తొందరపడకుండా తాళ్ళు బిగించేవాడు. మేకు లేని ఆ పని చూడ్డానికి నిజంగా ముచ్చటగా ఉండేది. మొదటి చలికాలం అయ్యేసరికి కెంజెగుల్ దానికి పెద్ద కళాయిలు, టీ కాచే సమోవార్, గిన్నెలు, నేల మీద పరిచే బొంతలు కలిపింది. ఫోను ఆమె దగ్గరే ఉండేది. "ఎప్పుడు పోయారు? ఎందరొస్తారు? బిష్కెక్ నుంచి చుట్టాలున్నారా?" అని ఆమె అడుగుతుంటే రైలు టికెట్లు రాసే మనిషిలా ఉండేది. కూతుళ్ళకి కొత్త బూట్లు వచ్చాయి. పిండి డబ్బా చప్పుడు ఆగింది. అపాకి మోకాళ్ళ మందు బిష్కెక్ నుంచి తెప్పించారు.

ఊరు ఊరుకుంటుందా! బజారులో బంగాళాదుంపలమ్మే ముసలాయన షైలోబెక్ కనిపించగానే గుండె మీద చెయ్యేసుకుని, "నావైపు అలా చూడకు తమ్ముడూ, నేనింకా బానే ఉన్నా!" అని అరిచేవాడు. జనం నవ్వేవాళ్ళు, షైలోబెక్ కూడా నవ్వేవాడు. తరగతిలో వెనక బెంచీ పిల్లలు, "అగాయ్, ఇవాళ ఎవరు పోయారు?" అని మాస్టారిని అడిగేవాళ్ళు. మా ఉపప్రధానోపాధ్యాయురాలు ఒకరోజు స్టాఫ్ రూములో, "చావింటి నుంచి నేరుగా బడికి రాకండి, కాస్త కోటు దులుపుకుని రండి," అంది. ఆ కోటు మీద ఉన్నది ఒట్టి ఉన్ని పీచే.

అంతకంటే కెంజెగుల్‌కి తగిలిన దెబ్బ పెద్దది. మా భవనంలో నాలుగో అంతస్తు ముసలాయనకి ఆయాసం. ఆమె ఎప్పట్లాగే పులిసిన పాలు ఇవ్వడానికి వెళ్ళి, "తాతగారికి ఎలా ఉంది?" అని అడిగింది. కోడలు గడప దాటనివ్వలేదు. "ఎలా ఉంటే నీకెందుకు? కొలతలు తీసుకోవడానికొచ్చావా?" అని తలుపేసింది. పాలగిన్నె పట్టుకుని కెంజెగుల్ మా ఇంటికొచ్చింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నన్ను ఎజే అనేవాళ్ళు, అంటే అక్క.

"ఎజే, నేను పదిహేనేళ్ళుగా ఆయనకి పాలిస్తున్నాను," అంది. ఏడవలేదు. ఆ గిన్నె మాకిచ్చి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళని పెద్దవాళ్ళ పుట్టినరోజులకి పిలవడం మానేశారు. పసిపిల్లల ఉయ్యాల పండక్కి పిలిచేవాళ్ళు గానీ, అక్కడా వాళ్ళ చేతికి పసిబిడ్డనిచ్చేవాళ్ళు కారు.

రెండో ఏడు షైలోబెక్ మెట్ల మీద నన్ను ఆపాడు. చేతిలో బడి తాళాలున్నాయి.

"ఎజే, నాలో ఏదో చెడిపోయింది. ఇవాళ పాఠం మధ్యలో ఫోనొచ్చింది. కెంజెగుల్ 'రేపటికి ఒకటుంది' అంది. నేను సంతోషపడ్డాను. నిజంగా, చిన్నపిల్లాడిలా. తర్వాత అడిగాను ఎవరని. నాతో ఒకటో తరగతి నుంచీ చదివినవాడి పెళ్ళాం. ముప్పై తొమ్మిదేళ్ళది."

"నువ్వేం చంపలేదుగా," అన్నాను.

"లేదు. సంతోషపడ్డానంతే," అని కిందికి దిగిపోయాడు.

ఆ ఏడే అతని పాత శిష్యుడు జుమాష్ అదే వ్యాపారం మొదలుపెట్టాడు. బడిలో రంపం సరిగ్గా పట్టడం రానివాడు. వాడి గుడారం వాసాలు ఇనుపవి, కంబళ్ళు ఫ్యాక్టరీవి, నగిషీలన్నీ అచ్చేసినవి. పెళ్ళిళ్ళకీ, చావులకీ, జాతరలో కబాబు కొట్టుకీ అదే గుడారం. ఖర్చు తగ్గుతుందని తలుపు మీది కంబళికి ఒక హోటల్ వాళ్ళ ప్రకటన కుట్టించాడు, ఫోన్ నంబరుతో సహా. పేదవాళ్ళు వాడి దగ్గరికి వెళ్ళేవాళ్ళు. పరువు చూసుకునేవాళ్ళు మాత్రం ఊల్కాన్ అపా తెల్ల గుడారమే కావాలనేవాళ్ళు.

మూడో చలికాలం, ఫిబ్రవరిలో, అపా మంచం పట్టింది. మొదట జలుబన్నారు. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరన్నారు. ఆస్పత్రిలో పది రోజులుంచి ఇంటికి పంపేశారు. ఎనభై దాటిన మనిషి, కొంచెం జావ తాగేది, కొంచెం మాట్లాడేది, కళ్ళు మూసుకునేది. సూది మందు ఇవ్వడానికి రోజూ నేనే కిందికి దిగేదాన్ని, మా అమ్మకి ఇచ్చి ఇచ్చి చెయ్యి అలవాటైంది.

ఒక ఉదయం నేను సూది వేసి చేతులు కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. పెట్రోలు బంకుల మత్కాసిం తండ్రి పోయాడు. మత్కాసిం ఊళ్ళో పెద్దచెయ్యి. బిష్కెక్ నుంచి, ఓష్ నుంచి జనం వస్తారు, తెల్ల గుడారమే కావాలి, మామూలుకి రెండింతలిస్తాం, మూడు రోజులుంచుకుంటాం అన్నారు.

వంటింట్లో మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకున్నారు. గోడకి అవతలే అపా మంచం.

"ఈసారికి వద్దని చెప్పు," అన్నాడు షైలోబెక్.

"ఎందుకు?"

"ఎందుకేంటి. వద్దు."

"ఎందుకని అడుగుతారుగా? ఏం చెప్పమంటావ్?"

అతను గోడ వైపు చూశాడు. కెంజెగుల్ కూడా చూసింది. ఏం చెబుతాడు? గుడారం మా ఇంట్లోనే అవసరం రావచ్చు అని ఏ కొడుకు నోటితో అంటాడు? ఏ కోడలు అనగలదు? ఆ మాట పైకంటే రప్పించుకున్నట్టే అవుతుందని ఇద్దరికీ భయం.

"పొద్దున జావ మొత్తం తాగింది. బుగ్గలు కూడా ఎర్రబడ్డాయి. కదూ ఎజే?" అని కెంజెగుల్ నావైపు తిరిగింది.

"తాగింది," అన్నాను. నిజమే, తాగింది.

"మరింకేం. పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. బండి పిలువు."

అతను కోటు తొడుక్కున్నాడు. తల్లి గదిలోకి తొంగిచూసి, "అపా, పనుంది, వెళ్ళొస్తా," అన్నాడు. ఆవిడ ఎక్కడికని అడగలేదు. "చెవులు కప్పుకో, బయట చలి," అంది. చెవులు కప్పే టోపీ పెట్టుకుని వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం ఊల్కాన్ అపా పోయింది. బాధపడలేదు. కెంజెగుల్ తల దువ్వుతుంటే, దువ్వెన జడలో ఉండగానే పోయింది.

ఊరికి అటువైపు పల్లెలో ఉండే పెద్దకొడుకు దోరోన్‌బెక్ రెండు గంటల్లో కారులో వచ్చేశాడు. వెనక సీట్లో అపా కూతురు, కెంజెగుల్ ఆడపడుచు సోనున్ మలుపు నుంచే శోకం ఎత్తుకుంది. పెరట్లోకి రాగానే దోరోన్‌బెక్ ఏడుపు ఆపి చుట్టూ చూశాడు. మంచు, బట్టలారేసే తీగలు, పిల్లల జారుడుబల్ల. ఇంకేం లేదు.

"గుడారమేది?"

షైలోబెక్ జారుడుబల్ల మీది మంచు చేత్తో తుడవసాగాడు.

"షైలో, అమ్మ గుడారమేదిరా?"

"మత్కాసిం వాళ్ళింట్లో ఉంది బైకే," అన్నాడు షైలోబెక్, అన్నని పిలిచే పిలుపుతో.

"అమ్మెక్కడుంది?"

"పైన. మంచం మీద."

దోరోన్‌బెక్ తమ్ముణ్ణి కొడతాడేమో అనుకున్నాం. కొట్టలేదు. చేతిలో ఉన్న కర్ర మంచులో గుచ్చి, "వెళ్ళి తీసుకురా," అన్నాడు.

షైలోబెక్ వెంట మా ఆయన వెళ్ళాడు. అక్కడేం జరిగిందో మా ఆయనే చెప్పాడు. మత్కాసిం గేటు ముందు ఖరీదైన కార్లు బారులు తీరి ఉన్నాయి. తెల్ల గుడారం బయట మగవాళ్ళు నడుముకి గుడ్డ కట్టుకుని, కర్రల మీద వంగి వరసగా నిలబడ్డారు. షైలోబెక్ కారు దిగేసరికి ఇన్ని గంటలూ బిగబట్టుకున్నది తెగిపోయింది. "అయ్యో నా తల్లీ! నా తల్లీ!" అని గొంతు చించుకుని ఏడుస్తూ పరిగెత్తాడు. ఆ వరసలో వాళ్ళంతా రివాజు ప్రకారం బదులుగా గొంతెత్తి ఏడ్చారు. ఇద్దరొచ్చి మోచేతులు పట్టుకుని నిలబెట్టారు. ఒక ముసలాయన చెవిలో అన్నాడు, "అబ్బాయ్, పోయింది తండ్రి. తల్లి కాదు. సరిగ్గా ఏడువు."

"మా అమ్మ," అన్నాడు షైలోబెక్. "మా అమ్మ పోయింది. ఈ గుడారం మా అమ్మది."

మత్కాసిం దుర్మార్గుడేం కాదు. పక్కకి పిలిచి, భుజాలు పట్టుకుని, తనూ ఏడ్చాడు. తర్వాత అన్నాడు: "నువ్వే చెప్పు అన్నా, మా నాన్న లోపలున్నాడు. అంత దూరం నుంచి జనం వచ్చారు. ఆయన నెత్తి మీంచి కప్పు ఎలా తీస్తాను? గొయ్యి ఇంకా తవ్వుతూనే ఉన్నారు, నేల రాయిలా ఉంది, టైర్లు తగలబెట్టి కరిగిస్తున్నారు. ఎల్లుండి దాకా ఓపిక పట్టు. ఇంకో గుడారం చూసుకో, దాని అద్దె నేనిస్తాను."

షైలోబెక్ తెరచాటు నుంచి లోపలికి చూశాడట. కుడి పక్కన, ఆడవాళ్ళ వైపున, అపా ఉన్నిదారంతో కుట్టిన చోటు కనిపిస్తూనే ఉందట. వెనక్కి తిరిగాడు.

చుట్టుపక్కల పల్లెలకి ఫోన్లు చేశాం. చీకటిపడే లోపు రాగలిగింది ఒక్క జుమాష్ గుడారమే. వాడు వచ్చి, వాసాలు దింపుతూ, మొహం దించుకుని, "అగాయ్, మామూలు అద్దే. ముందే ఇవ్వాలి. బొంతలకి విడిగా," అన్నాడు.

"నా దగ్గర కూడానా జుమాష్?"

"మీ దగ్గర నేర్చుకున్నదే అగాయ్. మీరెవరినీ వదల్లేదుగా. మా పెద్దనాన్న పోయినప్పుడు కూడా."

అది నిజం. షైలోబెక్ మా ముందే లెక్కపెట్టి ఇచ్చాడు.

ఇనపవాసాల గుడారం లేచింది. తలుపు కంబళి మీద హోటల్ పేరు, పక్కన కబాబు పుల్ల బొమ్మ. దోరోన్‌బెక్ అది చూసి, ఒక్క లాగు లాగి, కంబళిని తిరగేసి కట్టాడు. లోపలికి వెళ్ళిన ఆడవాళ్ళకి ఇప్పుడు ఆ ఫోన్ నంబరు ఎదురుగా కనిపించసాగింది. ఊల్కాన్ అపాని మెట్ల మలుపుల్లో నిలువుగా ఎత్తి, పక్కకి ఒరిగించి, రెండంతస్తులూ దింపి అందులో పడుకోబెట్టారు.

శోకం పెట్టేటప్పుడు ఆడపడుచుకి అడ్డు లేదు. మా దగ్గర అది పాటలాగే సాగుతుంది, ఎవరి మాటలు వాళ్ళు అప్పటికప్పుడు కట్టుకుంటారు. సోనున్ గోడ వైపు తిరిగి, జుట్టు విరబోసుకుని ఎత్తుకుంది:

"మోచేతులు కాయలు కాసేలా నొక్కితివే అమ్మా,
నీ తెల్ల కంబళి పరాయి ముసలాయన మీద ఉందే!
అద్దెకిచ్చిన చేతులే నీకు జావ పోశాయే అమ్మా,
ఎంతకిచ్చారో నీకు చెప్పారా అమ్మా!"

కంబళి గోడకి చెవులుండవు గానీ నోరుంటుంది. బయట కర్రలానుకున్న మగవాళ్ళందరికీ ప్రతి అక్షరం వినిపించింది. షైలోబెక్ ఆ వరసలో మొదటివాడు. తల ఎత్తలేదు. లోపల, సోనున్ పక్కనే కెంజెగుల్ కూర్చుంది. కోడలు కాబట్టి ఆమె కూడా అందుకుని పాడాలి. నోరు తెరిచింది, మాట రాలేదు. అక్కడున్న ఆడవాళ్ళంతా ఎదురుచూశారు. ఆమె అలాగే నోరు తెరుచుకుని, హోటల్ నంబరు వైపు చూస్తూ కూర్చుంది. అత్తకి ఒక్క శోకం కూడా పెట్టలేదని తర్వాత ఊరంతా చెప్పుకున్నారు.

అపాని పూడ్చిన మర్నాడు మత్కాసిం ఇంట్లో గుడారం విప్పడానికి షైలోబెక్ ఒక్కడే వెళ్ళాడు. పనయ్యాక వాళ్ళు అందరికీ పంచినట్టే అతనికీ ఒక కొత్త చొక్కా, మాంసం మూట ఇచ్చారు. అద్దె కూడా ఇచ్చారు, అన్న మాట ప్రకారం రెండింతలు. జుమాష్ గుడారం ఖర్చు కూడా అందులో కలిపారు.

లారీలో వేసుకుని అది తిన్నగా అన్న ఊరికి తీసుకెళ్ళాడు. "నువ్వే ఉంచుకో బైకే, పెద్దకొడుకువి," అన్నాడు. దోరోన్‌బెక్ గేటు తియ్యలేదు. "ఎంతమంది పడుకున్న గుడ్డ అది? ఇప్పుడు నా పెరట్లోకా? తీసుకుపో," అన్నాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. తల్లి పోయిన నలభయ్యో రోజు జరిపే విందు వాళ్ళు రెండుచోట్ల చేశారు.

ఇక వ్యాపారం ఆపేస్తాడనుకున్నాం. నలభై అయ్యేదాకా ఫోన్ ఎత్తలేదు కూడా. వేసవి సెలవులకి పెద్దకూతురు నజీక్ బిష్కెక్ నుంచి వచ్చింది. మూడేళ్ళ చదువు అయింది, ఇంకో రెండేళ్ళుంది. కెంజెగుల్ తర్వాతి ఏడాది ఫీజు కవరులో పెట్టి చేతికిస్తే, ఆ పిల్ల కవరు బల్ల మీదే పెట్టేసింది.

"ఇది ఏ గుడారం డబ్బు అమ్మా?"

"అన్నీ ఒకటే గుడారం డబ్బు. పిచ్చి ప్రశ్నలెయ్యకు. నీ కోసం కాకపోతే ఎవరి కోసం చేశాం?"

"అందుకే వద్దు," అంది నజీక్. "రేపు ఎవరైనా అడిగితే నా కోసమని చెబుతారు."

చదువు మానేసి బిష్కెక్‌లోనే ఒక కుట్టుపని కార్ఖానాలో చేరింది. చిన్నమ్మాయి మాత్రం డబ్బు తీసుకుంటూనే ఉంది, దానికి అంత పట్టింపు లేదు.

గడ్డి కోతల రోజుల్లో ఒక సాయంత్రం కెంజెగుల్ మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడింది.

"ఎజే, ఆ రోజు మీరు వంటింట్లోనే ఉన్నారు. నేను వెళ్ళమన్నానా, ఆయనే వెళ్ళాడా? ఇప్పుడు నేనే తోసి పంపానంటున్నాడు."

"నువ్వు బండి పిలవమన్నావు," అన్నాను. "ఆయన కోటేసుకున్నాడు. జావ తాగిందని నేనన్నాను."

ఆమె గడప మీంచి కాలు వెనక్కి తీసుకుంది. "మీరు కూడా," అంది. వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వంటింటికి రావడం మానేసింది. మెట్ల మీద ఎదురైతే పలకరిస్తుంది, అంతే.

షైలోబెక్ ఇప్పటికీ గుడారం వేస్తున్నాడు. బజారులో ఎవరూ ఎగతాళి చెయ్యరు, దారిస్తారు. బడి వదిలేశాడు. పొద్దంతా షెడ్డు ముందు కూర్చుని కంబళ్ళు ఎండలో తిప్పుకుంటాడు, చిమ్మటలు ఏరుతాడు. అద్దె పెంచాడు. పెరట్లో ఫోన్ మోగితే పై నుంచి నాకు వినిపిస్తుంది. ఎవరు పోయారని అడగడు. ఏ వీధి, ఎన్ని రోజులు, అంతే అడుగుతాడు.